ఒకే లాప్‌టాప్, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: బ్లూటూత్ మౌస్ ఎందుకు అలుగుతుంది?

జంషెడ్‌పూర్‌లోని సీతారాండేరాలో ఇంజనీరింగ్ చదివే ఒక కుర్రాడు ఉన్నాడనుకోండి. ఉక్కు కర్మాగారంలో పని కోసం వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. ఇంట్లో ఉన్నది ఒకే లాప్‌టాప్. కాలేజీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుంది. ప్రోగ్రామింగ్ ల్యాబ్ పనికి లినక్స్ కావాలి. అందుకని హార్డ్ డిస్క్‌ను రెండు భాగాలు చేసి రెండింటినీ ఎక్కించుకున్నాడు. లాప్‌టాప్ ఆన్ చేయగానే ఏది కావాలో ఎంచుకోవచ్చు. దీన్నే డ్యూయల్ బూట్ అంటారు.

అంతా బాగానే ఉంది, బ్లూటూత్ మౌస్ కొనేవరకు. లినక్స్‌లో జత చేస్తే చక్కగా పనిచేసింది. రాత్రి విండోస్‌లోకి వెళ్తే మౌస్ కదల్లేదు. అక్కడ మళ్లీ జత చేశాడు, పనిచేసింది. పొద్దున లినక్స్ తెరిస్తే బాణం గుర్తు కదలదు. మళ్లీ జత చేస్తే ఈసారి విండోస్‌లో పోయింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అక్కకు ఫోన్ చేశాడు. "మౌస్ పోయినట్టుందక్కా, మార్చుకోమంటావా?" అని అడిగితే, "ఆగరా, మౌస్‌ది తప్పు కాదు" అంది ఆవిడ.

ఈ కుటుంబం ఊహే గానీ ఇబ్బంది మాత్రం ఊహ కాదు. రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లున్న లాప్‌టాప్‌కు ఒకే బ్లూటూత్ మౌస్‌నో, కీబోర్డునో, ఇయర్‌ఫోన్‌నో వాడేవాళ్లందరికీ ఏదో ఒక రోజు ఎదురయ్యేదే. కొందరు మంచి మౌస్‌ను పక్కన పడేస్తారు. ఇంకొందరు లినక్స్‌నే తీసేస్తారు. నిజానికి ఇక్కడ ఏదీ పాడవలేదు. బ్లూటూత్ తన భద్రతా నియమాలను తు.చ. తప్పకుండా పాటించడం వల్లే ఈ చిక్కు వస్తోంది. అది ఎలాగో తెలియాలంటే జత చేయడం అన్నప్పుడు గాలిలో ఏం జరుగుతుందో చూడాలి.

బ్లూటూత్ పని స్వీడన్‌లోని లుండ్ నగరంలో, ఎరిక్‌సన్ కంపెనీలో 1994లో మొదలైంది. ఫోనుకూ దాని ఉపకరణాలకూ మధ్య తీగ లేకుండా చేయాలన్నది ఆలోచన. డచ్ ఇంజనీరు యాప్ హార్ట్‌సన్ దాని రేడియో పద్ధతికి రూపమిచ్చారు. 1998లో ఎరిక్‌సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా కలిసి ఒక సంఘంగా ఏర్పడి దాన్ని ఉమ్మడి ప్రమాణంగా మార్చాయి. పేరు మాత్రం పదో శతాబ్దపు డెన్మార్క్ రాజు హెరాల్డ్ బ్లూటూత్‌ది. ఇంటెల్‌కు చెందిన జిమ్ కార్డాక్ దాన్ని తాత్కాలికంగా సూచించారు. తాత్కాలికమన్న పేరే నిలిచిపోయింది.

ఇది వాడుకునేది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరున్న రేడియో పట్టీని. లైసెన్సు అక్కర్లేని పట్టీ కావడంతో వైఫై కూడా అక్కడే ఉంటుంది, మైక్రోవేవ్ ఓవెన్ చేసే రొద కూడా అక్కడికే వస్తుంది. అంత సందడిలో మాట వినిపించాలంటే ఒకేచోట నిలబడి మాట్లాడితే కుదరదు. అందుకే సంప్రదాయ బ్లూటూత్ ఆ పట్టీని 79 సన్నని మార్గాలుగా విడగొట్టి, సెకనుకు 1600 సార్లు ఒక మార్గం నుంచి మరో మార్గానికి దూకుతుంది. ఏ క్షణంలో ఎటు దూకాలో రెండు పరికరాలకూ ముందే తెలుసు. ఇలా పౌనఃపున్యాలు మార్చుకుంటూ పోయే ఆలోచనకు హాలీవుడ్ నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ 1942లో పేటెంటు పొందారు. అది టార్పెడోలను నడిపించే సంకేతాలను శత్రువు అడ్డుకోకుండా ఉండటానికి. 2010లో వచ్చిన నాలుగో వెర్షన్‌తో తక్కువ విద్యుత్తు వాడే మరో రకం బ్లూటూత్ కూడా చేరింది. అందులో మార్గాలు 40. ఇప్పటి మౌస్‌లలో చాలావాటిది ఈ రెండో రకమే. ఒక్క బ్యాటరీతో నెలల తరబడి నడవడానికి కారణమూ అదే.

దూకుడు ఒక్కటే రక్షణ కాదు. గాలిలో వెళ్లేదాన్ని పక్కింటి గోడ అవతలి నుంచీ వినొచ్చు. మౌస్ కదలికలు ఎవరైనా విన్నా పెద్ద నష్టం ఉండకపోవచ్చు గానీ కీబోర్డులో కొట్టే పాస్‌వర్డు వింటేనో? అందుకే మొదటిసారి కలిసినప్పుడు రెండు పరికరాలూ ఒక రహస్య సంఖ్యను తయారుచేసుకుంటాయి. దాని పొడవు 128 బిట్లు. అంటే అన్ని సాధ్యతలనూ లెక్కపెడితే 39 అంకెల సంఖ్య వస్తుంది. ఊహించి పట్టుకోవడం అయ్యే పని కాదు. ఈ సంఖ్యను ఒకరు తయారుచేసి మరొకరికి పంపరు. ఇద్దరూ తలొక బహిరంగ సంఖ్యను మార్చుకుని, తమ దగ్గరే దాచుకున్న మరో సంఖ్యతో కలిపి, గణితం సాయంతో ఒకే ఫలితానికి చేరుకుంటారు. మధ్యలో ఊరికే వింటూ కూర్చున్నవాడికి ఆ ఫలితం దొరకదు. ఈ లెక్కలో ప్రతిసారీ కొత్తగా పుట్టించిన యాదృచ్ఛిక సంఖ్యలు కూడా కలుస్తాయి. కాబట్టి అవే రెండు పరికరాలను పది సార్లు జత చేస్తే పది వేర్వేరు తాళంచెవులు పుడతాయి. సమస్యకు మూలం సరిగ్గా ఇక్కడే ఉంది.

తయారైన తాళంచెవి ప్రతి ఒకటి లాప్‌టాప్‌లో, మరొకటి మౌస్‌లోని చిన్న చిప్‌లో ఉంటుంది. మౌస్ ఆ తాళంచెవి పక్కన ఒక చిరునామా కూడా రాసిపెట్టుకుంటుంది. అది లాప్‌టాప్‌లోని బ్లూటూత్ చిప్ చిరునామా, 48 బిట్ల సంఖ్య. ఆ చిరునామా చిప్‌కు చెందినదే తప్ప విండోస్‌కో లినక్స్‌కో చెందింది కాదు.

ఒకే డోర్ నంబరున్న ఇంట్లో పగలు ఒక అద్దెదారు, రాత్రి మరో అద్దెదారు ఉంటున్నారనుకుంటే విషయం తేలికవుతుంది. పాలవాడికి తెలిసింది డోర్ నంబరే. పగటి అద్దెదారు అతనితో ఒక గుర్తుమాట కుదుర్చుకున్నాడు. రాత్రి అద్దెదారుకు అది తెలియదు కాబట్టి తనూ కొత్తగా ఒక గుర్తుమాట కుదుర్చుకున్నాడు. పాలవాడి పుస్తకంలో ఒక డోర్ నంబరుకు ఒకే గుర్తుమాట రాసే చోటుంది. పాతది కొట్టేసి కొత్తది రాసుకున్నాడు. మర్నాడు పగటి అద్దెదారు పాత గుర్తుమాట చెబితే పాలవాడు వెనుదిరిగాడు. అందులో అతని తప్పేమీ లేదు. నిజం చెప్పాలంటే అలా తిరిగిపోకపోతేనే అతన్ని నమ్మకూడదు.

సంప్రదాయ బ్లూటూత్‌లో ఈ పరీక్ష ప్రశ్నోత్తరంలా సాగుతుంది. ఒకరు యాదృచ్ఛిక సంఖ్య పంపితే, మరొకరు తాళంచెవితో దానికి సమాధానం లెక్కగట్టి పంపాలి. చెవి గాలిలోకి రాదు, సమాధానమే వస్తుంది. సమాధానం తప్పితే సంబంధం తెగిపోతుంది. తక్కువ విద్యుత్తు రకంలో నేరుగా గుప్తీకరణ మొదలైపోతుంది. చెవులు వేరైతే అవతలివాళ్ల మాట అర్థం కాక, క్షణంలో విడిపోతాయి. చూసేవాళ్లకు మాత్రం మౌస్ కనెక్ట్ అయినట్టే అయి పోతున్నట్టు అనిపిస్తుంది.

మరి ఇదే జబ్బు అని ఎలా తేల్చుకోవాలి? లక్షణం చాలా స్పష్టంగా ఉంటుంది. చివరిసారి ఏ సిస్టమ్‌లో జత చేశారో అందులో మౌస్ పనిచేస్తుంది, రెండో దాంట్లో పనిచేయదు. మళ్లీ జత చేస్తే ఈ వరుస తిరగబడుతుంది. మౌస్ బాగుందో లేదో చూద్దామని దాన్ని ఫోనుకు జత చేసి పరీక్షించే అలవాటు చాలామందికి ఉంది. ఒకే యజమానిని గుర్తుంచుకునే మౌస్ అయితే ఆ పరీక్షతో ఉన్న చెవి కూడా చెరిగిపోతుంది. కాబట్టి ఆ పని చేయకపోవడమే మేలు.

పరిష్కారం ఆలోచిస్తే సూటిగానే తోస్తుంది: ఇద్దరు అద్దెదారులూ ఒకే గుర్తుమాట వాడాలి. అంటే ఒక సిస్టమ్‌లో పుట్టిన తాళంచెవిని రెండో దాంట్లోకి చేర్చాలి. ఇక్కడ వరుస ముఖ్యం. ముందు లినక్స్‌లో జత చేయాలి. అలా చేస్తే లినక్స్ ఆ మౌస్ పేరిట ఒక ఫోల్డరు తెరుస్తుంది. తర్వాత విండోస్‌లో జత చేయాలి. ఇప్పుడు మౌస్‌లో ఉన్నది విండోస్ చెవి. దాన్ని చదివి లినక్స్ ఫైలులో పాతదాని స్థానంలో రాయాలి. ఇటునుంచి అటు కూడా చేయొచ్చు గానీ విండోస్ రిజిస్ట్రీలో రాయడం కంటే దాన్ని చదివి ఊరుకోవడమే క్షేమం. రిజిస్ట్రీలో ఒక పొరపాటు జరిగితే సిస్టమే లేవకపోవచ్చు. లినక్స్ వైపు పొరపాటు జరిగితే పోయేది ఆ ఒక్క మౌస్ జత మాత్రమే.

విండోస్ తన చెవులను రిజిస్ట్రీలో, బీటీహెచ్‌పోర్ట్ అనే సేవ కింద పారామీటర్స్, దాని కింద కీస్ అనే చోట దాచుకుంటుంది. మామూలు అడ్మినిస్ట్రేటరు చూసినా అక్కడ ఏమీ కనిపించదు. సిస్టమ్ అనే పై స్థాయి అధికారంతో తెరవాలి. దీనికంటే తేలికైన దారి లినక్స్ నుంచే చూడటం. విండోస్ భాగాన్ని చదవడానికి మాత్రమే వీలుగా తెరిచి, సిస్టమ్32 లోపలి కాన్ఫిగ్ ఫోల్డరులో ఉన్న సిస్టమ్ అనే ఫైలును సీహెచ్‌ఎన్‌టీపీడబ్ల్యూ అనే చిన్న సాధనంతో చదవొచ్చు. ఆ ఫైలులో 'కరెంట్ కంట్రోల్ సెట్' అన్న పేరు వెతికితే కనిపించదు. విండోస్ నడుస్తున్నప్పుడే ఆ పేరు ఉంటుంది. బయటి నుంచి చూసినప్పుడు 'కంట్రోల్ సెట్ 001' అని ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, చెవి లేదని అనుకుంటారు.

లినక్స్‌లో బ్లూటూత్ పని చూసేది బ్లూజెడ్ అనే సాఫ్ట్‌వేర్. 2001 నుంచి ఇది లినక్స్‌లో భాగం. దాని చెవులు వార్ ఫోల్డరులోని లిబ్ కింద, బ్లూటూత్ అనే చోట ఉంటాయి. లోపల లాప్‌టాప్ చిప్ చిరునామా పేరుతో ఒక ఫోల్డరు, అందులో మౌస్ చిరునామా పేరుతో మరొకటి, అందులో ఇన్ఫో అనే చిన్న ఫైలు. సంప్రదాయ మౌస్ అయితే ఆ ఫైలులో 'లింక్ కీ' అన్న శీర్షిక కింద 32 స్థానాల సంఖ్య కనిపిస్తుంది. విండోస్‌లో చదివిన సంఖ్యను ఖాళీలూ కామాలూ లేకుండా అక్కడ రాసి, బ్లూటూత్ సేవను తిరిగి మొదలుపెడితే చాలు. ఫైలును మార్చేముందు ఆ సేవను ఆపడం మంచిది. నడుస్తుండగా మారిస్తే అది తన పాత సమాచారాన్ని మళ్లీ పైన రాసేయవచ్చు. అసలు ఫైలుకు ఒక నకలు తీసిపెట్టుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

తక్కువ విద్యుత్తు రకం మౌస్ దగ్గర పని కొంచెం ముదురుతుంది. దానికి చెవి ఒక్కటే చాలదు. గుప్తీకరణకు వాడే దీర్ఘకాలిక చెవి, ఆ చెవి ఏదో గుర్తుపట్టడానికి రెండు సంఖ్యలు, కొన్నింటికి మారుతుండే చిరునామాను విప్పే మరో చెవి కూడా ఉంటాయి. విండోస్ ఆ గుర్తింపు సంఖ్యలను పదహారు ఆధార సంఖ్యలుగా చూపిస్తే, లినక్స్ వాటిని మన మామూలు దశాంశ పద్ధతిలో అడుగుతుంది. కొన్ని విలువల్లో బైట్ల వరుస వెనుక నుంచి ముందుకు ఉంటుంది, తిప్పి రాయాలి. సంఖ్య సరైనదే అయినా వరుస తప్పితే తాళం తెరుచుకోదు. చేత్తో చేసినప్పుడు ఎక్కువమంది తడబడేది ఈ మెట్టు దగ్గరే. ఈ మార్పిడంతా వాటంతట అవే చేసే చిన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సాధనాలు ఉన్నాయి. ఓపిక లేనివాళ్లకు అవే నయం.

ఇంకో మెలిక కూడా ఉంది. ఈ రకం మౌస్‌లలో కొన్ని జత చేసిన ప్రతిసారీ తమ చిరునామానే ఒక అంకె పెంచుకుంటాయి. లినక్స్‌లో జత చేసినప్పుడు చివరి రెండంకెలు 21 అయితే, విండోస్‌లో చేశాక 22 అవుతుంది. చెవిని ఎంత సరిగ్గా నకలు చేసినా లినక్స్ ఇంకా 21 కోసమే ఎదురుచూస్తూ ఉంటుంది. ఇన్ఫో ఫైలున్న ఫోల్డరు పేరును కొత్త చిరునామాకు మార్చితే పని అయిపోతుంది. పాలవాడు ఈసారి కొత్త పేరు చెప్పి తలుపు తట్టాడన్నమాట.

ఈ పనికి దిగేముందు విండోస్ గురించి రెండు సంగతులు తెలిసి ఉండాలి, లేకపోతే మౌస్‌ కంటే పెద్ద నష్టం జరగొచ్చు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ నొక్కినా అది పూర్తిగా ఆగదు. తన కేంద్ర భాగాన్ని డిస్క్ మీద దాచి నిద్రపోతుంది. ఆ స్థితిలో దాని భాగంలో లినక్స్ నుంచి ఏదైనా రాస్తే ఫైళ్లు చెడిపోయే ప్రమాదముంది. అందుకే పైన చదవడానికి మాత్రమే అని నొక్కి చెప్పాల్సి వచ్చింది. ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయడమో, షట్‌డౌన్‌కు బదులు రీస్టార్ట్ నొక్కి లినక్స్‌లోకి రావడమో చేయాలి. రెండోది బిట్‌లాకర్. డిస్క్ బిట్‌లాకర్‌తో గుప్తీకరించి ఉంటే రికవరీ కీ లేకుండా లినక్స్‌కు అందులోది ఏదీ కనిపించదు. ఆ కీ దగ్గర లేకపోతే చెవిని విండోస్ లోపలి నుంచే చదువుకోవాలి.

మౌస్ రెండు సిస్టమ్‌లలోనూ సతాయిస్తుంటే కారణం వేరు. ఫాస్ట్ స్టార్టప్ నిద్ర వల్ల కొన్ని బ్లూటూత్ చిప్‌లు అర్ధావస్థలో ఉండిపోయి లినక్స్‌కు అసలు కనిపించవు. లాప్‌టాప్‌ను పూర్తిగా ఆపి తిరిగి ఆన్ చేస్తే మేల్కొంటాయి. జత అయ్యాక కూడా ప్రతిసారీ చేత్తో కనెక్ట్ చేయాల్సి వస్తోందంటే, బ్లూటూత్‌సీటీఎల్ అనే లినక్స్ ఆదేశంలో పెయిర్ తర్వాత ట్రస్ట్ అన్న మెట్టు మరిచిపోయి ఉంటారు. మౌస్ తనంతట తాను వచ్చి తలుపు తడితే తెరవడానికి ఇచ్చే ముందస్తు అనుమతి అది. కాసేపు కదపకపోతే మౌస్ పోతోందంటే, విద్యుత్తు ఆదా కోసం లినక్స్ ఆ చిప్‌ను నిద్రపుచ్చుతోందేమో చూడాలి. బాణం గుర్తు ఆగి ఆగి కదులుతుంటే అనుమానించాల్సింది పక్కన గుచ్చిన వేగవంతమైన యూఎస్‌బీ డిస్క్‌ను. యూఎస్‌బీ 3.0 తీగల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోకి చిమ్ముతుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డిస్క్‌ను మరో పక్క గుచ్చినా చాలాసార్లు తేడా కనిపిస్తుంది.

రెండు సిస్టమ్‌లూ చెవులను ఒకచోట పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు కదా అని అనిపించవచ్చు. కానీ ఆ ఉమ్మడి చోటును ఎవరు కాపాడాలి? ఒక సిస్టమ్‌లోకి చొరబడిన హానికర ప్రోగ్రామ్‌కు రెండో దాని చెవులూ దొరుకుతాయి. ఇన్‌పుట్ పరికరాల విషయంలో ఈ జాగ్రత్త అతి కాదు. భద్రతా పరిశోధకుడు మార్క్ న్యూలిన్ 2023 డిసెంబరులో ఒక లోపాన్ని బయటపెట్టారు. దగ్గరలో ఉన్న ఎవరైనా బ్లూటూత్ కీబోర్డునని చెప్పుకుని, యజమాని అనుమతి లేకుండానే లినక్స్, ఆండ్రాయిడ్, ఆపిల్ పరికరాలకు కలిసి అక్షరాలు కొట్టేయగలిగేవారు. బ్లూజెడ్ దాన్ని సరిదిద్దింది. సంప్రదాయ బ్లూటూత్‌తో వచ్చే ఇన్‌పుట్ పరికరం చెవి మార్చుకుని జతపడితేనే లోపలికి రానివ్వాలన్న నియమాన్ని అప్పటి నుంచి తప్పనిసరిగా అమలు చేస్తోంది. దాంతో సరిగ్గా జతపడని కొన్ని పాత గేమ్ కంట్రోలర్లు ఆగిపోయాయి. ఆ నియమాన్ని సడలించమనే సలహాలు తిరుగుతున్నాయి. మౌస్ కోసమైతే అవి వినాల్సిన పని లేదు.

చెవిని నకలు చేసేటప్పుడు కూడా ఆ సంఖ్య రహస్యమేనని గుర్తుంచుకోవాలి. సాయం అడుగుతూ ఇన్ఫో ఫైలు ఫొటో తీసి స్నేహితుల గ్రూపులో పెడితే తాళంచెవిని గుమ్మానికి వేలాడదీసినట్టే. అలా పెట్టి ఉంటే మళ్లీ జత చేసి కొత్త చెవి పుట్టించుకోవాలి.

ఈ తంటా ఏదీ వద్దనుకునేవాళ్లకు దారులున్నాయి. కొన్ని మౌస్‌లకు అడుగున 1, 2, 3 అని మీట ఉంటుంది. ఒక్కో అంకెకు ఒక్కో పరికరాన్ని విడిగా గుర్తుంచుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. 1ని విండోస్‌కు, 2ను లినక్స్‌కు కేటాయిస్తే సిస్టమ్ మారినప్పుడల్లా మీట జరిపితే సరిపోతుంది. చిన్న యూఎస్‌బీ రిసీవరుతో వచ్చే మౌస్‌కు ఈ సమస్య మొదటి నుంచీ ఉండదు. దాని చెవి ఆ రిసీవరు లోపలే ఉంటుంది. ఏ సిస్టమ్ నడుస్తున్నా దానికి కనిపించేది మామూలు యూఎస్‌బీ మౌస్. కొత్తగా కొనబోయే డ్యూయల్ బూట్ విద్యార్థికి ఈ రెండు రకాల్లో ఒకటి తీసుకోమనడమే సబబు. ఇప్పటికే కొన్నవాళ్లకు మాత్రం చెవి నకలు చేయడం ఒక సాయంత్రం పని. ఆ తర్వాత రెండు వైపులా ఎక్కడా మళ్లీ 'పెయిర్' మీట నొక్కకూడదు. నొక్కితే కొత్త చెవి పుడుతుంది, కథ మళ్లీ మొదటికొస్తుంది.